అనాసపండును తొలుచు సీతాకోకచిలుక

అనాసపండు నెఱుగనివారు మనలో నుండరు. తెలుగున అనాస యందుము. కన్నడమున అనానస్, తమిళమున అన్నాసి, మరాఠీలో అననస. ఒడియాలో మాత్రము సపురి యందురు. ఇంట నొక భాషను, వీధిలో నొక భాషను పలుకు మన పిల్లలకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱ లేదు. అయితే అనాస యను మాట మన దేశమున పుట్టినది కాదు. దక్షిణ అమెరికాలోని తూపీ జనుల భాషనుండి అది వచ్చినది. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు పండును, దాని పేరును కూడ మనకు తెచ్చి యిచ్చిరి. కాని యచ్చట ఆ పండునే నమ్ముకొని బ్రదుకు ఒక చిన్న సీతాకోకచిలుక మాత్రము వారి ఓడ నెక్కలేదు. దానిని గూర్చి యిచ్చట కొంత వివరింపదలచితిమి.

దాని శాస్త్రీయ నామము స్ట్రైమన్ మెగారస్. ఇది లైసినిడే కుటుంబములో హెయిర్‌స్ట్రీక్ అను గుంపునకు చెందినది. ఱెక్కల అడుగున వెండ్రుకవంటి సన్నని గీత యుండుటచేత ఆంగ్లేయులు ఈ గుంపునకు ఆ పేరిడిరి. అమెరికా ఖండముల ఉష్ణప్రాంతములలో ఈ గుంపు జాతులు వేయికి పైగా కలవు. వానిలో పెక్కు పరిమాణమున చిన్నవి, రూపమున ఒకదానినొకటి పోలినవి. ఏది యేదియో తేల్చుటకు పండితులే తడబడుదురనిన, మనవంటివారి మాట చెప్పనేల?

ఱెక్కలు విప్పినపుడు మెగారస్ 28 మొదలు 35 మిల్లీమీటర్ల వెడల్పుండును. పైభాగము ముదురు బూడిదవన్నె. అంచున తెల్లని కుచ్చు. వెనుక ఱెక్కల కొనలనుండి దారమువంటి తోకలు వెలువడును; వాని మొదట నారింజవన్నె మచ్చ యుండును. ఆకుపై వ్రాలి ఱెక్కలు మూసికొని కూర్చున్నపుడు ఈ తోకలు మీసములవలెను, మచ్చ కన్నువలెను అగపడును. పక్షి అది తలయని భ్రమించి పొడిచినచో ఱెక్క తునక పోవునే కాని ప్రాణము పోదు. హెయిర్‌స్ట్రీకుల ఈ దొంగతలను గూర్చి రాబర్ట్ రాబిన్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1981లో విపులముగ వ్రాసెను. అయినను తోకను, మచ్చను మాత్రమే చూచి జాతిని నిర్ణయింపరాదు. ఇవే గుర్తులు గల దగ్గరి చుట్టములు దీనికి పెక్కు కలవు. నిశ్చయముగ చెప్పవలెనన్న కడుపు కొననున్న జననాంగముల నిర్మాణమును సూక్ష్మదర్శినిలో పరీక్షింపవలసినదే.

పేరు విషయమున ఇంతకంటె పెద్ద చిక్కు గలదు. 1824లో గొడార్ అను ఫ్రెంచి పండితుడు దీనిని మెగారస్ అని వర్ణించెను. 1837లో గేయర్ అను జర్మను పండితుడు బాసిలిడీస్ అను పేరును ప్రకటించెను. ఆ కాలమున అమెరికా హెయిర్‌స్ట్రీకులను చాలమట్టుకు థెక్లా అను ఒక్క ప్రజాతిలో కుమ్మరించుట వాడుక. పాత సామానంతయు అటుకపై పడవేసినట్లే. అసలు థెక్లా ఐరోపా, ఆసియాలది. దక్షిణ అమెరికాలో అది లేనే లేదు. బ్రెజిల్ వ్యవసాయ గ్రంథములలో మాత్రము అనాస పురుగు చిరకాలము థెక్లా బాసిలిడీస్ గనే నిలిచినది. స్ట్రైమన్ ప్రజాతిని రాబిన్స్, నికొలే అనువారు 2002లో పునఃపరిశీలించిరి. రెండు పేర్లు ఒకే జీవివి అయినపుడు ముందు పెట్టినదే చెల్లునని శాస్త్రజ్ఞుల నియమము. కావున నేడు మెగారస్ అను పేరే నిలిచినది.

ఇది పండితుల వాదులాట మాత్రమే యని తలపరాదు. అనాస పూగుత్తి వెలువడినది మొదలు పూవులు ముగియువఱకు ఆడది దానిపై గుడ్లు పెట్టును. గుడ్డునుండి వెడలిన పురుగు గుత్తిలోనికి తొలుచుకొని పోయి, రమారమి రెండు వారములు తిని, పిదప వెలుపలికి వచ్చి గూడగును. తొలిచిన చోట బంక కారి గాలి తగిలి గట్టిపడును. అయితే బ్రెజిల్‌లో ఫ్యుజేరియం అను బూజువలన వచ్చు తెగులునందును ఇట్టి బంకయే కారును. పురుగు పని అయినచో బంక పండు కన్నులకు నడుమ నుండి వచ్చును. బూజు పని అయినచో కన్ను మధ్యనుండి వచ్చును. ఈ భేదము నెఱుగని రైతు ఒకదానికి చేయవలసిన చికిత్స మఱియొకదానికి చేసి డబ్బును, పంటను కోలుపోవును. పురుగు చేసిన గాయము బూజునకు ద్వారమగుట కూడ కలదు.

మెక్సికో మొదలు మధ్య అమెరికా మీదుగ బ్రెజిల్, పరాగ్వేల వఱకును, ట్రినిడాడ్ దీవిలోను ఇది కలదు. మనుష్యుడు తోటలు వేయకమునుపు అనాస కుటుంబపు అడవి మొక్కలే దీనికి ఆహారము. నేటికిని వానిని విడువలేదు. మఱి పండు భూమండలమంతయు తిరుగగా పురుగేల తిరుగలేదు? అనాసను గింజవలన గాక పిలకలు నాటి పెంచుదురు. ఈ సీతాకోకచిలుక గుడ్డు పెట్టునది పూగుత్తిపైన. పూగుత్తి లేని పిలకలు నెలల తరబడి ఓడలో వచ్చినపుడు వానితో పురుగు వచ్చుటకు అవకాశము స్వల్పమని మాకు తోచుచున్నది.

మన దేశమునకు దాని బంధువొకటి స్వంతముగనే యున్నది. దానిమ్మకాయను పగులగొట్టగా లోపల గింజలు కుళ్లి, ముదురువన్నె పురుగు కనబడుట మన తలిదండ్రులలో తోటలు గలవారు చూచియే యుందురు. అది 1793లో ఫాబ్రిసియస్ వర్ణించిన సీతాకోకచిలుక పిల్ల. మెగారస్ చేరిన థెక్లినే ఉపకుటుంబములోనిదే, తెగ మాత్రము వేఱు. దీనికిని రెండు పేర్ల బాధ తప్పలేదు. మన వ్యవసాయ పుస్తకములు కొన్నింట విరాకోల ఐసోక్రేటిస్ అనియు, కొన్నింట డ్యూడోరిక్స్ ఐసోక్రేటిస్ అనియు ఉండును. చదువరులు రెండు పురుగులని భ్రమపడకుందురుగాక. పిందె దశలోనే కాయకు సంచి కట్టినచో ఆడది గుడ్డు పెట్టలేదు. ఆలస్యము చేసినచో పురుగు లోపల చేరి, తాను తినుచున్న కాయ ఎండి రాలిపోకుండ తొడిమను కొమ్మకు పట్టుదారముతో కట్టివేయును.