కీచుమనే బెల్టూ, మా పద్దుల పుస్తకం

మా బండి బయల్దేరుతోందంటే రాజుపాలెంలో హారన్‌తో పని లేదు. తెల్లవారుజామున మావారు తాళం తిప్పారంటే చాలు, 'కీ...చ్' మంటూ వీధి వీధంతా లేచేది. "ఇవాళ మీ మామగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజు కదూ" అని ఎదురింటి పిన్నిగారు నన్ను అడగక్కర్లేదు. ఆ అరుపు వింటే ఆవిడకే తెలిసిపోయేది. పిల్లలైతే బండికి 'కీచురాయి' అని పేరు కూడా పెట్టేశారు. అందరూ నవ్వేవాళ్ళు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

మా మామయ్యగారికి వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలిసిస్. బస్సులో వెళ్ళొచ్చుగా అంటారేమో! వెళ్ళేటప్పుడు ఫరవాలేదు. తిరిగొచ్చేటప్పుడు మనిషి పిండి ఆరేసిన బట్టలా అయిపోతారు. వెనక సీట్లో నడుం వాల్చి, అత్తయ్య ఒళ్ళో తలపెట్టుకుని సత్తెనపల్లి దాకా నిద్రపోతారు. ఆ మాత్రం చోటు ఉన్న బండి మాకు ఇదొక్కటే. 2006లో మిర్చి డబ్బులు చేతికొస్తే ఆయనే కొన్నారు దీన్ని. 1984లో 'మారుతీ వ్యాన్' పేరుతో మొదట రోడ్డెక్కిన బండి ఇది. తర్వాత ఓమ్ని అన్నా మా పల్నాడులో ఇప్పటికీ అది వ్యానే. 2019లో దీని తయారీ ఆగిపోయింది. మా ఇంట్లో మాత్రం ఆగలేదు.

ఈ బండికి ఇంజను ఎక్కడో ముందు ఉండదు, సరిగ్గా ముందు సీట్ల కిందే ఉంటుంది. అంటే ఆ అరుపు నా సీటు కిందినుంచే వచ్చేదన్నమాట! గుంటూరు వెళ్ళి వచ్చేసరికి చెవుల్లో ఇంకా మోగుతూనే ఉండేది.

మెకానిక్కులకి చూపించలేదా అంటే ఎందుకు చూపించలేదూ! మొదటతను "బెల్టు లూజయింది సార్" అని బిగించాడు. పది రోజులు హాయి. మళ్ళీ అదే పాట. రెండో అతను "బెల్టు గట్టిపడిపోయింది" అని కొత్తది వేశాడు. ఈసారి పన్నెండు రోజులు. మూడో అతను ఏదో డబ్బా తెచ్చి బెల్టు మీద పిచికారీ కొట్టాడు. మంత్రం వేసినట్టు అరుపు ఆగింది. నాలుగో రోజున పిడుగురాళ్ళ వైపు సున్నం దుమ్ములో తిరిగొచ్చామో లేదో, ఆ జిగురుకి దుమ్మంతా పట్టి అరుపు రెట్టింపయింది. "పాత బండి కదండీ, కాస్త అరుస్తుంది. సర్దుకుపోవాలి" అన్నాడతను. నేను ఏదో అడగబోతే మావారి వైపు తిరిగి జవాబు చెప్పాడు. బండి సంగతి ఆడవాళ్ళకెందుకన్నట్టు.

కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం గుంటూరు నుంచి వస్తున్నాం. చీకటి పడింది. జోరున వాన. లైట్లు, వైపర్లు రెండూ వేసేసరికి బెల్టు అరుపు ఏడుపయింది. చూస్తూండగానే ముందు లైట్లు చిన్నబోయాయి. డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. మావారు బండి పక్కకి తీసి ఆపారు. వెనక మామయ్యగారు కళ్ళు తెరిచి, "ఏమ్మా, ఊరొచ్చిందా?" అన్నారు. రాలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తెలిసినవాళ్ళ ఆటోలో ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు.

మర్నాడు పొద్దున్నే మావారు, "అమ్మేద్దాం. ఎవడు ఎంతిస్తే అంత" అన్నారు. మామయ్యగారు మంచం మీదినుంచే విన్నారు. "నా కోసం బండి కొనలేదురా, ఇంటి కోసం కొన్నాను. ఇప్పుడు నా కోసం దాన్ని తెగనమ్మొద్దు. ఆసుపత్రికి వారానికి ఒక్కసారే వెళ్తాలే" అన్నారు. రెండుసార్లని డాక్టరు చెప్పింది ఆయనకి తెలియక కాదు. ఆ మాటకి అత్తయ్య వంటింట్లోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఏమీ తోచక కుట్టుమిషను ముందు కూర్చున్నాను. తొక్కుతుంటే చక్రం తిరుగుతోంది గానీ సూది కదలడం లేదు. తోలు బెల్టు జారుతోంది. అలవాటుగా ఒక ముక్క కోసి బిగించాను. మళ్ళీ జారింది. అప్పుడు చక్రాన్ని చూస్తే, గాడిలో నూనె పేరుకుపోయి నున్నగా మెరుస్తోంది. గుడ్డతో శుభ్రంగా తుడిచేసరికి బెల్టు పట్టేసింది. బెల్టు మంచిదే. అది కూర్చునే చోటు మంచిది కాదు!

మరి మా బండి బెల్టుని మార్చారు, బిగించారు, మందు కొట్టారు. అది కూర్చునే చోటుని ఎవరైనా చూశారా?

బియస్సీ చదివాను గానీ ఇంజను గురించి నాకేమీ తెలియదు. జ్వరం వస్తే ఏ వేళకి ఎంతుందో రాసిపెట్టడం మాత్రం ప్రతి తల్లికీ తెలుసు. పిల్లల పాత నోటుబుక్కులో అదే పని మొదలుపెట్టాను. పొద్దున స్టార్టు చేయగానే రెండు నిమిషాలు అరిచింది. ఎండెక్కాక అరవలేదు. రాత్రి లైట్లు వేస్తే అరిచింది. వాన తగిలితే ఎక్కువ. యాక్సిలేటరు ఒక్కసారిగా తొక్కితే ఎక్కువ. రెండు వారాలు రాశాను. మావారు మొదట్లో "కథ రాస్తున్నావా?" అని ఆట పట్టించారు. తర్వాత ఆయనే, "ఇవాళ మిట్టమధ్యాహ్నం అరవలేదు, రాసుకో" అనడం మొదలుపెట్టారు.

జబ్బు ఎన్నాళ్ళ నుంచి అని డాక్టరు మొదట అడుగుతాడు కదా. అసలిది ఎప్పుడు మొదలయిందో ఎవరికీ గుర్తు లేదు. నాకూ లేదు. కానీ నా పద్దుల పుస్తకానికి ఉంది! కిందటేడు శ్రావణమాసం పేజీలో వరలక్ష్మీ వ్రతం సామాన్ల కింద నా చేతిరాతే: 'బండి డైనమో మార్పు, సెకండ్ హ్యాండ్'. ఇంకో ఎనిమిది పంక్తుల కింద 'బెల్టు బిగింపు'. అంతకుముందు పదేళ్ళ పద్దులు తిరగేసినా బెల్టు బిగింపు అన్న మాట రెండేసేళ్ళకి ఒకసారి తప్ప లేదు. ఆ తర్వాత ఏడాదిలో ఆరుసార్లుంది, రెండు కొత్త బెల్టులతో సహా.

ఆ రెండు పుస్తకాలూ సంచిలో పెట్టుకుని సత్తెనపల్లిలో ఒక పెద్దమేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. ఆయన బండి కన్నా ముందు నా నోటుబుక్కు అందుకున్నారు. కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివి, "సగం పని మీరే చేశారు తల్లీ" అన్నారు. ఆ మాటకి నాకు బంగారు గాజులు చేయించినంత సంబరమయింది.

ముందుగా ఆయన ఇస్త్రీకి వాడుకునేలాంటి నీళ్ళ పిచికారీ సీసా తెచ్చారు. ఇంజను నడుస్తుండగా దూరంగా నిలబడి బెల్టు మీద నాలుగు చుక్కలు చల్లారు. అరుపు ఆగలేదు సరికదా, పెరిగింది. "నీళ్ళకి పెరిగితే బెల్టు జారుతోందని. కాసేపు ఆగి మళ్ళీ మొదలైతే చక్రాలు ఒక వరసలో లేవని" అన్నారు. తర్వాత మీటరు పెట్టి చూశారు. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర వోల్టుల మధ్య ఉండాలట. లైట్లు వేయగానే మాది పన్నెండుకి జారిపోయింది. ఆ వానరోజున లైట్లు ఎందుకు చిన్నబోయాయో నాకు అప్పుడు తెలిసింది.

ఇంజను ఆపి, చల్లారాక బెల్టు తీశారు. వాటర్ పంపుని, డైనమోని చేత్తో తిప్పి చూశారు. డైనమో బాగానే ఉంది. పంపు మాత్రం కొద్దిగా కదులుతోంది. "ఎక్కువ బిగిస్తే భారమంతా దీని బేరింగు మీదే పడుతుంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే బిగించుకుంటూ పోయుంటే ఇది పోయేది. నీళ్ళు తిరగక ఇంజను కాగిపోయేది" అన్నారు. ఒళ్ళు జలదరించింది. మెడ మీద రోహిణి కార్తె ఎండ, వెనక సీట్లో మామయ్యగారు, నడిరోడ్డు మీద కాగిన ఇంజను. అన్నీ కళ్ళముందు తిరిగాయి.

చివరికి టార్చి వేసి డైనమో పుల్లీ చూపించారు. గాడి అడుగు అద్దంలా మెరుస్తోంది! నా కుట్టుమిషను చక్రం గుర్తొచ్చి, "ఇదే, ఇదే" అని అరిచేశాను.

విషయం ఏమిటంటే, ఈ బెల్టు అడ్డకోత ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది. అమెరికాలో జాన్ గేట్స్ అనే ఆయన 1917లో రబ్బరు, గుడ్డ కలిపి దీన్ని తయారుచేశాడని చెబుతారు. అంతకుముందు తోలు పట్టీలు, తాళ్ళే గతి. గాడికి రెండు పక్కలా ఒరుసుకుని, తలుపు సందులో మేకులా బిగుసుకోవడమే ఈ బెల్టుకున్న బలం. అడుగుకి అది తగలకూడదు. ఎవరి బండిలోనో ఏళ్ళ తరబడి తిరిగిన ఆ డైనమోతోపాటు దాని పుల్లీ కూడా మాకొచ్చింది. పక్కలు అరిగి గాడి వెడల్పయింది. ఎంత కొత్త బెల్టు వేసినా దిగిపోయి అడుగున కూర్చుంటోంది. పట్టు లేక జారుతోంది. పట్టుకుంటూ, జారుతూ, పట్టుకుంటూ క్షణానికి వందలసార్లు అదిరితే వచ్చేదే ఆ కీచు. నూనె లేని బావి గిలక అరుపూ ఆ జాతిదే.

నా నోటుబుక్కులో రాసినవన్నీ అప్పుడు ఒకదానికొకటి అతుక్కున్నాయి. పొద్దున స్టార్టు చేయగానే, వాడుకున్న బ్యాటరీని నింపడానికి డైనమో మీద భారం ఎక్కువ. రాత్రి లైట్లు వేసినా అంతే. భారం పెరిగితే జారుడూ పెరుగుతుంది. చల్లటి పొద్దున రబ్బరు బిరుసుగా ఉంటుంది. తడి తగిలితే చెప్పక్కర్లేదు. బండి ఏడాదిగా చెబుతూనే ఉంది. వినిపించుకోవాల్సినవాళ్ళం దాని నోరు మూయించడానికే చూశాం.

పుల్లీ మార్చారు. ఒక ఇనుప బద్ద ఆనించి చక్రాలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూశారు. కొత్త బెల్టు వేసి, బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరుకి కాస్త తక్కువ దిగేలా బిగించారు. "కొత్త బెల్టు కాస్త సాగుతుంది. వారం తర్వాత ఒకసారి తీసుకురండి, మళ్ళీ చూస్తా. ఆ తర్వాత నా మొహం చూడక్కర్లేదు" అన్నారు. పద్దుల్లో కూడి చూసుకుంటే, ఏడాదిగా తప్పు వైద్యానికి పెట్టింది పుల్లీ ఖరీదుకి నాలుగింతలు. తప్పు బండిదీ కాదు, బెల్టుదీ కాదు.

మరుసటి ఆసుపత్రి రోజున తెల్లారి అయిదింటికి మావారు తాళం తిప్పారు. చప్పుడు లేదు. ఎదురింటి పిన్నిగారు గాభరాగా బయటికొచ్చి, "ఏమ్మా, ఇవాళ వెళ్ళడం లేదా? ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు. మామయ్యగారు వెనక సీట్లోంచి తల బయటికి పెట్టి, "వెళ్తున్నానమ్మా, రెండుసార్లూ వెళ్తున్నాను. మా కోడలు దాని నోరు మూయించింది" అన్నారు.

చిన్న సవరణ చేయాలనిపించింది గానీ ఊరుకున్నాను. నేను నోరు మూయించలేదు మామయ్యగారూ, అది చెప్పేది రాసుకున్నానంతే.

మీ బండి కీచుమంటుంటే...

* ఎప్పుడు, ఎంతసేపు అరుస్తోందో వారం రోజులు రాయండి. సాగదీసి కీచుమంటే జారుడు. పిట్టలా కిచకిచమంటూ తాళం ప్రకారం వస్తే చక్రాల వరస తప్పిందని అనుమానించాలి. గుర్రుమంటే బేరింగు సంగతి చూపించాలి.

* సబ్బు, కొబ్బరినూనె, జిగురు పిచికారీ వంటివి బెల్టుకి పూయకండి. జబ్బు దాక్కుంటుందే గానీ పోదు.

* ఇంజను నడుస్తుండగా చీర కొంగు, చున్నీ, జడ, గాజులు దాని దరిదాపులకి రానివ్వకండి. చూడాలనుకుంటే కొంగు దోపి, జడ ముడిచి, దూరంగా నిలబడి చూడండి. చెయ్యి పెట్టేది ఇంజను ఆపి, చల్లారాకే.

* ప్రయాణంలో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగి, వేడి ముల్లు పైకెక్కుతుంటే బండి పక్కకి తీసి వెంటనే ఆపండి. బెల్టు తెగి ఉండొచ్చు. వేడి మీద రేడియేటరు మూత తీయకండి.

* ఈమధ్య వచ్చిన కార్లలో బెల్టు వెడల్పుగా, సన్నని గీతలతో ఉంటుంది. దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ తనంత తానే పనిచేస్తుంది. వాటిలో అరుపొస్తే బెల్టుతోపాటు టెన్షనర్‌నీ, చిన్న చక్రాల బేరింగులనీ చూడమనండి.

* బండికి పెట్టిన ప్రతి ఖర్చూ తేదీతో సహా పద్దుల పుస్తకంలో రాయండి. మెకానిక్కు మారిపోవచ్చు. పద్దు మారదు.