మీ పాప నేర్చుకునే కూచిపూడి.. ఊళ్లో పుట్టిందా, మద్రాసులోనా? వెంపటి చినసత్యం ఏం మార్చారంటే..

స్కూల్ యాన్యువల్ డే అయినా, గుళ్లో ఉత్సవాలైనా, అమెరికాలో తెలుగు సంఘం మహాసభలైనా ఒక ఐటమ్ గ్యారంటీ. పట్టు కాస్ట్యూమ్, పొడవాటి జడ, కాళ్లకు గజ్జెలు. ఓ పాప ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తాళానికి తగ్గట్టు ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటుంది. కింద అమ్మానాన్నలు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తుంటారు. యాంకర్ మైక్ అందుకుని "శతాబ్దాల చరిత్ర ఉన్న మన కూచిపూడి" అంటారు.

చరిత్ర ఉందన్న మాట నిజమే. కానీ స్టేజ్ మీద మనం చూస్తున్న ఈ రూపం వయసు అరవై, డెబ్బై ఏళ్లే. ఆ పాప మోకాళ్లు వంచి నిలబడే తీరు, అడవులు నేర్చుకునే వరస, రెండు గంటల్లో పూర్తయ్యే నృత్య నాటకం.. ఇవి చాలావరకు మద్రాసులో ఒక మాస్టారి క్లాసులో తయారయ్యాయి. ఆయన పేరు వెంపటి చినసత్యం. పేరు చాలామందికి తెలుసు. ఆయన అసలు ఏం చేశారో మాత్రం తక్కువ మందికి తెలుసు.

అమ్మాయిలు లేని కూచిపూడి

ముందు ఊరి సంగతి చూద్దాం. కూచిపూడి కృష్ణా జిల్లాలో ఉంది. మచిలీపట్నానికి దగ్గర. పదకర్త క్షేత్రయ్యది పక్కనే ఉన్న మొవ్వ. వెంపటి, వేదాంతం, చింతా, పసుమర్తి లాంటి ఇంటిపేర్లున్న బ్రాహ్మణ కుటుంబాలు తరతరాలుగా అక్కడ ఆట కట్టేవి. వీళ్లనే కూచిపూడి భాగవతులు అంటారు.

ఆ ఆటలో ఉన్నదంతా మగవాళ్లే. కృష్ణుడూ మగవాడే, సత్యభామా మగవాడే. భామాకలాపం రాసిన సిద్ధేంద్రయోగి ఊళ్లోని కుర్రాళ్లందరితో మాట తీసుకున్నాడని, ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది దాని సారాంశమని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. ఆడవాళ్లకు అందులో చోటు లేదు. వేరే కులాల వాళ్లకూ లేదు.

ప్రదర్శన ఎలా ఉండేదంటే.. రాత్రి మొదలైతే తెల్లారాల్సిందే. ఇద్దరు తెర పట్టుకుంటే, సత్యభామ వెనక నుంచి తన జడను తెర మీద వేసేది. అది ఒక సవాలు. నా అంత ఆట తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రండి అన్నట్టు. వేషం కట్టినవాళ్లే పాడాలి, మాట్లాడాలి, ఆడాలి. నాటకం, పాట, నాట్యం మూడూ ఒకే మనిషి ఒంట్లో ఉండాలి.

1929 అక్టోబర్‌లో అలాంటి ఇంట్లో చినసత్యం పుట్టారు. తాడేపల్లి పేరయ్య శాస్త్రి, వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి లాంటి గురువుల దగ్గర నేర్చుకున్నారు. ఊళ్లోనే ఉండిపోయి ఉంటే ఆయనా మంచి వేషధారి అయ్యేవారేమో. కానీ మద్రాసు పిలిచింది.

సినిమా దారిలో..

ఇప్పటివాళ్లకు ఇది కొంచెం ఆశ్చర్యంగా ఉండొచ్చు. మన పాత సినిమాల వెనక కూచిపూడి ఊరు చాలా ఉంది. 'దేవదాసు' డైరెక్ట్ చేసిన వేదాంతం రాఘవయ్య ఆ ఊరి నాట్యం నేర్చినవారే. 'మల్లీశ్వరి', 'మాయాబజార్' సినిమాలకు డాన్స్ కంపోజ్ చేసిన పసుమర్తి కృష్ణమూర్తిదీ అదే సంప్రదాయం. ఇక వెంపటి పెదసత్యం. ఈయన చినసత్యానికి అన్న వరస. సినిమాల్లో పేరున్న డాన్స్ మాస్టర్. ఇద్దరు సత్యాలు కాబట్టి పెద్దాయన పెదసత్యం అయ్యారు, చిన్నాయన చినసత్యం అయ్యారు.

చినసత్యం అన్న దగ్గర సినిమాల్లో పనిచేశారు. కెమెరా ముందు అడుగు ఎలా కనిపిస్తుంది, గ్రూపును ఎలా నిలబెట్టాలి, ప్రేక్షకుడు ఎక్కడ విసుగెత్తిపోతాడు అన్నవి అక్కడే వంటబట్టి ఉంటాయని అనుకోవచ్చు. కానీ ఆయన సినిమాల్లోనే సెటిల్ అవ్వలేదు. పాఠం చెప్పాలనుకున్నారు.

టైమ్ కూడా కలిసొచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కొత్త రాష్ట్రానికి మనది అని చెప్పుకోవడానికి ఒక నాట్యం కావాలి. పక్కన తమిళులకు భరతనాట్యం ఉంది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ పెట్టిన డాన్స్ సెమినార్‌లో కూచిపూడి గురించి విస్సా అప్పారావు మాట్లాడారు. కానీ కూచిపూడి విడిగా నిలబడే శాస్త్రీయ నాట్యమేనా అనే అనుమానం వినిపించింది. తెలుగువాళ్లకు అది గట్టిగానే తగిలింది. ఆ మరుసటి ఏడాదే హైదరాబాద్‌లో ప్రత్యేకంగా కూచిపూడి మీద సెమినార్ పెట్టారు. మాది శాస్త్రీయమే అంటే సరిపోదు. చూపించాలి. అందుకు ఒక సిలబస్, ఒక పద్ధతి, స్టేజ్ మీద నిలబడే ఐటమ్స్ కావాలి.

1963: అకాడమీ మొదలైంది

ఆ పని చేసినవాళ్లలో పెద్ద పేరు చినసత్యానిదే. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఇంతకీ ఏం మార్చారు?

మొదటిది, అడవులు. అంటే నాట్యంలో బేసిక్ అడుగులు. ఊళ్లో గురువును చూస్తూ, వేషం కడుతూ నేర్చుకునేవారు. ఒక్కో కుటుంబానిది ఒక్కో తీరు. చినసత్యం వాటిని వరసలో పెట్టారు. ఇది అయ్యాకే అది అన్నట్టు. అరమండి ఎంత లోతుగా ఉండాలి, చెయ్యి ఎక్కడ ఆగాలి, చూపు ఎటు పోవాలి అన్నవాటికి లెక్క వచ్చింది. అందుకే విజయవాడలో నేర్చుకున్న అమ్మాయి, డల్లాస్‌లో నేర్చుకున్న అమ్మాయి ఒకే గ్రూపులో నిలబడి ఆడగలుగుతున్నారు. మనకు ఇది మామూలు విషయంలా కనిపిస్తుంది కానీ, అంతకుముందు అలా కుదిరేది కాదు.

మద్రాసులో అప్పటికే రుక్మిణీదేవి అరండేల్ కళాక్షేత్రలో భరతనాట్యాన్ని శుభ్రమైన గీతల్లోకి తెచ్చారు. ఆ ఊరి గాలి చినసత్యం నాట్యానికీ తగిలిందని చాలామంది అంటారు. నిజమే అనిపిస్తుంది. తప్పు పట్టాల్సిన పనేమీ లేదు కూడా.

రెండోది, టైమ్. రాత్రంతా సాగే ఆటను సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చినవాళ్లు కూర్చుని చూసేలా రెండు, రెండున్నర గంటలకు తెచ్చారు. తెర పట్టుకునే మనుషుల బదులు ఆడిటోరియం, లైట్లు, సెట్టు వచ్చాయి. 'శ్రీకృష్ణ పారిజాతం', 'క్షీరసాగర మథనం' మొదట్లో వచ్చినవి. తర్వాత 'పద్మావతీ శ్రీనివాస కళ్యాణం', 'విప్రనారాయణ', 'రుక్మిణీ కళ్యాణం', 'హరవిలాసం', ఠాగూర్ కథతో 'చండాలిక'. వీటిలో చాలావాటికి మాటలూ పాటలూ రాసింది కావలిలో ఉండే ఎస్.వి. భుజంగరాయ శర్మ. సంగీతం పట్రాయని సంగీతరావు. ఘంటసాల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన ఆ సంగీతరావే. చినసత్యం పేరు చెప్పుకున్నప్పుడల్లా ఈ ఇద్దరి పేర్లూ చెప్పాల్సిందే. కానీ చాలా ప్రోగ్రాముల్లో యాంకర్లు చెప్పరు.

మూడోది, మాట. పాత ఆటలో వేషధారి తనే పాడి, తనే మాట్లాడేవాడు. కొత్త పద్ధతిలో పాట పక్కన కూర్చున్న గాయకులకు వెళ్లింది. నాట్యం చేసేవాళ్లు పెదవి కదుపుతారు, అభినయిస్తారు. దీనివల్ల ఆటలో వేగం పెరిగింది, అడుగులు కష్టమయ్యాయి. పాడుతూ అంత వేగంగా ఆడటం ఎవరివల్లా కాదు మరి.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది. అకాడమీ తలుపులు అమ్మాయిలకు తెరిచారు. ఏ కులమైనా, ఏ భాషైనా సరే.

సత్యభామ చేతులు మారింది

నిజానికి ఆడవాళ్లకు నేర్పడం ఆయనతోనే మొదలవ్వలేదు. ఆయన గురువు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి అప్పటికే నేర్పారు. యామినీ కృష్ణమూర్తి నేర్చుకున్న గురువుల్లో ఆయనా ఒకరు. ఇంద్రాణి రెహమాన్ కోరాడ నరసింహారావు దగ్గర నేర్చుకుని విదేశాల్లో కూచిపూడి చూపించారు. ఢిల్లీలో రాజా, రాధా రెడ్డిలది ఇంకో దారి. కానీ అమ్మాయిలు ఒకరిద్దరు స్టార్లుగా కాకుండా వందల్లో నేర్చుకునే ఏర్పాటు చేసింది మాత్రం చినసత్యం అకాడమీయే.

శోభానాయుడు సంగతే తీసుకోండి. అనకాపల్లిలో పుట్టారు. చినసత్యం దగ్గర నేర్చుకుని సత్యభామగా, పద్మావతిగా, చండాలికగా పేరు తెచ్చుకున్నారు. 1980లో హైదరాబాద్ వచ్చి అక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, 2020లో చనిపోయే దాకా పాఠాలు చెప్పారు. 'శంకరాభరణం'లో తులసిగా మనకు గుర్తుండిపోయిన మంజుభార్గవి ఆయన శిష్యురాలే. పొడవరి కాబట్టి మగ పాత్రలకూ సరిగ్గా సరిపోయేవారు. హేమమాలిని కూడా ఆయన దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు.

ఒకప్పుడు మగవాళ్లు ఆడవేషం కట్టిన ఆటలో ఆడవాళ్లు మగవేషం కట్టడం మొదలైంది. ఒక్క తరంలో మొత్తం తిరగబడింది. ఇప్పుడు చాలా క్లాసుల్లో మగపిల్లాడు కనిపిస్తే అదే విశేషం.

అందరూ చప్పట్లు కొట్టలేదు

ఇంత మారితే అభ్యంతరాలు రాకుండా ఉంటాయా? వచ్చాయి. మాట పోయింది, నాటకం తగ్గింది, సోలో ఐటమ్స్ పెరిగాయి, ఇది కూచిపూడిలా లేదు, భరతనాట్యంలా ఉంది అని ఊరి సంప్రదాయాన్ని పట్టుకున్నవాళ్లు అన్నారు. అందులో న్యాయం లేకపోలేదు. పాత భాగవతులకు ఉన్న వాచికం, అంటే డైలాగ్‌తో ప్రేక్షకుణ్ణి నవ్వించి ఏడిపించే విద్య, ఇప్పటి స్టేజ్ మీద చాలా అరుదు.

ఆ విద్యకు చివరి పెద్ద స్టార్ వేదాంతం సత్యనారాయణ శర్మ. స్త్రీ వేషం కడితే చూసినవాళ్లు మగవాడంటే నమ్మేవాళ్లు కాదు. సత్యభామ అంటే ఆయనే అన్నట్టు నడిచింది. చినసత్యం 2012 జూలై 29న చెన్నైలో కన్నుమూశారు. సత్యనారాయణ శర్మ అదే ఏడాది నవంబర్‌లో వెళ్లిపోయారు. రెండు దారులకూ పెద్దవాళ్లు నాలుగు నెలల తేడాలో పోయారు.

ఇంకో విషయం కూడా ఉంది. దీని గురించి ప్రోగ్రాముల్లో ఎవరూ మాట్లాడరు. తెలుగు నేల మీద ఆడవాళ్లు నాట్యం చేయడం 1960ల్లో మొదలవ్వలేదు. కళావంతుల కుటుంబాల మహిళలు గుళ్లలో, పెళ్లిళ్లలో, కచేరీల్లో ఎన్నో తరాలుగా ఆడుతూనే ఉన్నారు. భామాకలాపం వాళ్లకూ వచ్చు. పదాలకు అభినయం పట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరని చెప్పేవారు. 1947లో మద్రాస్ రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. దురాచారం ఆపాలన్నది మంచి ఉద్దేశమే. కానీ దాంతోపాటు ఆ మహిళలకు స్టేజ్ కూడా దూరమైపోయింది. వాళ్ల ఆటను సమాజం తప్పుగా చూసిన కాలంలోనే, వేరే ఇళ్ల అమ్మాయిలు గజ్జె కట్టడం గౌరవంగా మారింది. చినసత్యం ఒక్కరే దీనికి కారణం అనడం అన్యాయం అవుతుంది. కానీ 'కూచిపూడిలో తొలిసారి మహిళలు' అని హెడ్డింగ్ పెట్టే ముందు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి. తర్వాతి కాలంలో నటరాజ రామకృష్ణ అలాంటి వృద్ధ కళాకారిణులను వెతికి, వాళ్ల విద్యను ఆంధ్రనాట్యం పేరుతో నిలబెట్టారు. అది ఇంకో పెద్ద కథ.

ఇప్పుడు మిగిలిందేంటి?

చినసత్యానికి 1967లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1998లో పద్మభూషణ్ వచ్చాయి. అవార్డుల కన్నా పెద్ద ఆస్తి శిష్యులు. వాళ్ల శిష్యులు, ఆ శిష్యుల శిష్యులు హైదరాబాద్ కాలనీల్లో, విశాఖలో, బెంగళూరులో, న్యూజెర్సీ ఇళ్ల బేస్‌మెంట్లలో క్లాసులు చెబుతున్నారు. మీ అపార్ట్‌మెంట్ కింద టీచర్ ఎవరి శిష్యురాలో ఒకసారి అడిగి చూడండి. రెండు, మూడు పేర్లు వెనక్కి వెళ్తే చాలాసార్లు ఆయన పేరే వస్తుంది.

కావాలంటే మీరే తేడా పట్టుకోవచ్చు. యూట్యూబ్‌లో వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపం ఒకటి, శోభానాయుడు సత్యభామగా చేసింది ఒకటి వెతికి, ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోండి. సత్యభామ ప్రవేశ దరువు దగ్గర ఆగి మళ్లీ చూడండి. శర్మగారి మెడ తిప్పడం, మాట విరుపు, తోటి పాత్రతో గిల్లికజ్జా గమనించండి. తర్వాత శోభానాయుడు అరమండి, చేతులు ఆగే చోటు, జతి పడే వేగం చూడండి. మాస్టారు మద్రాసులో ఏళ్ల తరబడి కూర్చుని దిద్దింది సరిగ్గా ఆ రెండో వీడియోలో కనిపించేదే.