మొదటి మాట పిల్లలదే

భారతం ఆడే ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, బడిలో ఒదగని పిల్లలకు నాటకం ఇవ్వగల చోటు గురించి..

పాకాల నుంచి ధర్మవరం పోయే రైలు మార్గంలో పీలేరు దాటితే కలికిరి. టమోటా లారీలు, చుట్టూ గుట్టలు, ఎండాకాలం దుమ్ము. ఉమ్మడి రాష్ట్రపు చివరి ముఖ్యమంత్రి నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డి సొంతూరు నగరిపల్లె ఈ మండలంలోదే. కోరుకొండ తర్వాత రాష్ట్రంలో రెండో సైనిక్ స్కూలు 2014లో ఇక్కడే మొదలైంది. జేఎన్‌టీయూ అనంతపురం వారి ఇంజినీరింగ్ కళాశాల కూడా ఉంది. ఒక మండల కేంద్రానికి ఇది చిన్న భాగ్యం కాదు.

వరుసలో నిలబడి, గంట కొట్టగానే లేచి, అడిగిన వెంటనే జవాబు చెప్పగలిగే పిల్లలకు ఇక్కడ చదువు దారి బాగానే ఉంది. అలా చేయలేని పిల్లల సంగతేమిటి? ఫ్యాను చప్పుడుకే చెవులు మూసుకునే అమ్మాయి ఉంటుంది. రైళ్ల గురించి తప్ప మరో మాట ఎత్తని అబ్బాయి ఉంటాడు. ప్రశ్న అడిగిన అర నిమిషానికి సరైన జవాబు చెప్పే పిల్లాడూ ఉంటాడు. కానీ అప్పటికే సార్ పక్క బెంచీకి వెళ్లిపోయి ఉంటారు. మొండి, మందకొడి, పొగరు.. ఇలాంటి పేర్లతోనే వాళ్లు పదో తరగతి దాకా వస్తారు. వైద్యులు చెప్పే పేర్లు వేరు: ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్‌లెక్సియా. మెదడు పనిచేసే తీరులోనే తేడా ఉన్న ఈ పిల్లలను ఇప్పుడు న్యూరోడైవర్జెంట్ అంటున్నారు.

వీళ్లు ఎక్కడో ఒకరిద్దరు కారు. హైదరాబాద్ సహా దేశంలో ఐదు ప్రాంతాల్లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనం 2018లో వెలువడింది. చూపు, వినికిడి సమస్యలను కూడా కలుపుకుంటే, దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి నాడీ వికాసానికి సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది ఉందని అది తేల్చింది. ఆ చిన్నారులే రేపటి హైస్కూలు పిల్లలు. మాట రావడానికి, నడక రావడానికి చిన్నప్పుడు చేయించే థెరపీ ఒక ఎత్తు. పదమూడేళ్లు దాటాక ఆ పిల్లలకు కావాల్సింది స్నేహితుడు, తమ వంతు కోసం ఆగే జట్టు. దానికి మందుచీటీ రాసిచ్చేవారు లేరు. నాటకం ఆ చోటును కొంతవరకైనా నింపగలదు. అందులోనూ ముందే రాసిపెట్టిన సంభాషణలు లేకుండా అప్పటికప్పుడు అల్లుకునే నాటకం, ఇంప్రొవ్.

ఊరంతా నటించే నేల

నాటకం ఈ సీమకు ఎవరో కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు ఎండాకాలం వచ్చిందంటే ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం మొదలవుతుంది. ఆనవాయితీ ప్రకారం పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. కుప్పానికి వెళ్లేసరికి ఆ ఆటలో తమిళ తెరుకూత్తు వాసన కూడా తగులుతుంది.

అర్జునుడి తపస్సు రోజున వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఆకాశమంత ఎత్తున్న తపస్సుమాను ఎక్కుతాడు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయల కోసం పిల్లలు లేని ఆడవాళ్లు కొంగు పట్టి కింద వేచి ఉంటారు. బకాసుర వధ నాడు భీముడు బండినిండా అన్నంతో వీధులు తిరుగుతాడు. దుర్యోధన వధ రోజున ఊరి మధ్య మట్టితో చేసిన భారీ దుర్యోధనుడు పడుకుని ఉంటాడు. ఆటలో చూసేవాళ్లకూ పాత్ర ఉంటుంది. పద్యాలు, కథ గురువు దగ్గర నేర్చుకున్నవే. హాస్యగాడి మాటలు మాత్రం ఆ రాత్రికి ఆ ఊరివి. ముందు వరసలో ఎవరో తుమ్మితే ఆ తుమ్మును కూడా కథలో కలుపుకుంటాడు. ఎదుటివాళ్లు ఏది ఇచ్చినా కాదనకుండా తీసుకుని, దానికి ఇంకొంచెం జోడించి తిరిగి ఇవ్వడం అతని పని.

చికాగోలో పుట్టిన ఆటలు

ఇదే నేర్పును బడిపిల్లల కోసం ఒక పద్ధతిగా మలిచినావిడ వయోలా స్పోలిన్. 1920లలో చికాగోలోని హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో నీవా బాయిడ్ దగ్గర శిక్షణ పొందింది. ఆ తర్వాత వలస కుటుంబాల పిల్లలతో పనిచేసింది. వేర్వేరు దేశాల నుంచి వచ్చిన పిల్లలు, ఒకరి మాట మరొకరికి రాదు. నటన గురించి ఉపన్యాసం చెబితే లాభం లేదని ఆమె ఆటలు కట్టింది. ఆట నియమం తెలిస్తే చాలు, మాట తర్వాత అదే వస్తుంది. ఆ ఆటలన్నీ 1963లో పుస్తకంగా వచ్చాయి. ఆమె కొడుకు పాల్ సిల్స్ 1959లో మరో ఇద్దరితో కలిసి స్థాపించిన సెకండ్ సిటీ నాటకశాల ఈ విద్యకు పుట్టిల్లుగా పేరు తెచ్చుకుంది. కానీ ఆ ఆటల మొదటి గిరాకీ నటులు కారు, మాట కలవని పిల్లలు.

అందుకే ఆ ఆటలు ఆటిజం ఉన్న టీనేజర్ల దగ్గరికి చేరడంలో ఆశ్చర్యం లేదు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో జిమ్ అన్సాల్డో నడిపిన ‘క్యాంప్ యెస్ అండ్’ వేసవి శిబిరంలో ఒక విశేషం ఉంది. అక్కడ పిల్లలను మాత్రమే కూర్చోబెట్టి నేర్పరు. ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టులు కూడా ఆటలు నేర్చుకుంటారు, పిల్లలతో కలిసి ఆడతారు. ఎదుటివారి ఆలోచనను ‘సరే’ అని ఒప్పుకుని, ‘ఆపైన’ అంటూ ముందుకు నడపాలన్న నియమం టీచరుకూ అంతే వర్తిస్తుంది.

ప్రయోజనం ఉందా అంటే, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో బ్లైత్ కార్బెట్ నడిపే ‘సెన్స్ థియేటర్’ కొంత జవాబు ఇస్తుంది. 8 నుంచి 14 ఏళ్ల మధ్య వయసున్న 30 మంది ఆటిజం పిల్లలతో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. సాటి పిల్లలతో కలిసి పది విడతలు నాటకం చేసినవాళ్లకు ముఖాలు గుర్తుండటంలో, తోటివారితో కలిసి ఆడటంలో మెరుగు కనిపించింది. ముప్పై మంది చిన్న సంఖ్యే. అయినా దారి ఉందని చెప్పడానికి చాలు.

రైలు ఎక్కిన తరగతి

ఆట ఎలా సాగుతుందో కలికిరి హైస్కూలు గదిలో ఊహించి చూద్దాం. ఎనిమిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు గుండ్రంగా నిలబడ్డారు. మొదట అద్దం ఆట. ఇద్దరేసి ఎదురెదురుగా నిలబడి, ఒకరు చెయ్యి ఎత్తితే రెండోవారు అద్దంలో బొమ్మలా ఎత్తాలి. కళ్లలోకే చూడాలన్న పట్టు లేదు, చేతుల్ని చూసినా చాలు. కాసేపటికి టీచరే అద్దం అవుతారు, పిల్లాడు నడిపిస్తాడు. చేతులు రెపరెపలాడించే అలవాటున్న పిల్లాడు తన తీరున ఆడిస్తే టీచరూ అలాగే ఆడించాలి. ‘చేతులు కట్టుకో’ అన్న మాట మాత్రమే విని పెరిగిన పిల్లాడికి, తన కదలికను ఒక పెద్దాయన శ్రద్ధగా అనుసరించడం కొత్త అనుభవం.

తర్వాత కథ. టీచర్ అంటారు: “మదనపల్లె బస్సు తప్పిపోయింది. ఇప్పుడెట్లా?”

రైళ్ల పిల్లాడు అంటాడు: “రైల్లో పోదాం సార్. పాకాల, పీలేరు, కలికిరి, వాయల్పాడు, మదనపల్లె రోడ్డు..”

మామూలు తరగతిలో అయితే ‘మళ్లీ మొదలెట్టినావా’ అని ఆపేస్తారు. ఈ ఆటలో ఆపకూడదు. టీచర్ అందుకుంటారు: “సరే, రైలు వచ్చేసింది. గార్డు ఎవురు?” చెవులు మూసుకునే అమ్మాయి మాట్లాడకుండా పచ్చ కాగితం పైకెత్తుతుంది. అంతే, ఆమె గార్డు. రైలు కదిలింది. ఇన్నాళ్లూ తరగతికి అడ్డం అనుకున్న స్టేషన్ల జాబితా మీదే ఇప్పుడు కథ మొత్తం నడుస్తోంది. అవ్వ కథ చెబుతుంటే ఊఁ కొట్టే మనవడిలా, ఇక్కడ టీచర్ పిల్లాడికి ఊఁ కొడుతున్నారు.

మారాల్సింది ఎవరు?

చాలాకాలం లోకం ఒకటే అనుకుంది: ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్లు అర్థం కారు, కాబట్టి వాళ్లకే నేర్పాలి. స్వయంగా ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో దీన్ని ప్రశ్నించాడు. అర్థంకాకపోవడం రెండువైపులా ఉందన్నాడు. 2020లో వెలువడిన ఎడిన్‌బరో పరిశోధన ఆ మాటకు బలమిచ్చింది. ఒక కథను ఎనిమిది మంది వరుసగా ఒకరి నుంచి ఒకరు విని చెప్పుకుంటూ పోయారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లయిన వరుసలో కథ ఎంత నిలిచిందో, ఎవరికీ ఆటిజం లేని వరుసలోనూ అంతే నిలిచింది. రెండు రకాలవాళ్లనూ కలిపిన వరుసలోనే కథ ఎక్కువగా జారిపోయింది. అంటే సమస్య పిల్లాడిలో లేదు, పిల్లాడికీ మనకూ మధ్య ఉంది. ఆ మధ్య దూరాన్ని తగ్గించే బాధ్యత బలమున్నవారిది, పెద్దలది.

ఇంప్రొవ్‌ను పిల్లల్ని ‘మామూలుగా’ కనిపించేలా తయారుచేసే శిక్షణగా మార్చితే అది మేలు చేయదు, కీడు చేస్తుంది. అందుకే ఆడనంటే పిల్లలు చూస్తూ కూర్చోవచ్చు. గది బయటికి వెళ్లి రావచ్చు. డప్పు చప్పుడు పడకపోతే చప్పట్లూ వద్దు, చేతులు ఊపితే చాలు. తర్వాత ఏం జరుగుతుందో ముందే బోర్డు మీద రాసి ఉంచాలి. ఆట లోపల ఎంత స్వేచ్ఛ ఉన్నా, ఆట చుట్టూ గట్టి క్రమం ఉంటేనే ఈ పిల్లలకు ధైర్యం.

చేతిలో ఉన్నవి

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. ఆటిజం, చదవడం రాయడంలో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులు వాటిలో ఉన్నాయి. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, సహిత విద్య చూసే ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, ఒక పిల్లాణ్ణి మరో పిల్లాడితో పోల్చడమే హింస అని జీవితాంతం చెబుతూ వచ్చారు. ఆయన ఆశయంతో వెలసిన రిషివ్యాలీ ఇక్కడికి దగ్గరే. ఆ సంస్థ పల్లె బడుల కోసం రూపొందించిన బోధనలో పిల్లలు కార్డులు, ఆటలతో ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకుంటారు. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. వీటన్నిటినీ మించి, రాత్రంతా జనాన్ని నవ్వించగల వీధినాటక కళాకారులు ఊరూరా ఉన్నారు.

వీళ్లంతా ఒక గదిలో కూర్చోవడమే ఇంకా జరగాల్సిన పని. వేసవి సెలవుల్లో ఒక భవిత కేంద్రంలో పది పూటలు చాలు. మొదటి రెండు పూటలు టీచర్లే ఆడాలి, తప్పులు చేయాలి, నవ్వుకోవాలి. హాస్యం కట్టే కళాకారుడిని గౌరవ వేతనమిచ్చి గురువుగా పిలవాలి. తర్వాత పిల్లలు, వారితోపాటు వారి తరగతి స్నేహితులు. తల్లిదండ్రులను చివరి పూట కేవలం చూడటానికి కాదు, ఆడటానికే రమ్మనాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, ఖరీదైన సామగ్రీ అక్కర్లేదు. పిల్లాడు ఏం చెప్పినా ‘సరే, ఆపైన?’ అనగల ఓపిక కావాలి. ఆ ఓపిక ఆట అయిపోయాక కూడా టీచరులో మిగిలితే, జూన్‌లో బడి తెరిచిన రోజున ఆ పిల్లాడి జవాబు కోసం ఎవరో ఒకరు అర నిమిషం ఆగుతారు. ఈ ప్రయత్నం ఫలించిందో లేదో కొలవడానికి ఆ అర నిమిషాన్ని మించిన కొలత లేదు.