గైరాంగర్‌లో ఒక పూట, అమ్మతో

మొన్న జూలైలో అమ్మ ఇంగ్లండు వచ్చినప్పుడు సౌతాంప్టన్ నుంచి వారం రోజుల నార్వే క్రూయిజ్‌కి వెళ్ళాం. అమ్మకి షెంగెన్ వీసా తెప్పించడానికి పడ్డ పాట్లు ఇంకోసారి రాస్తాను. ఇవాళ గైరాంగర్ అనే బుల్లి ఊరి గురించి.

ఊళ్ళో ఏడాది పొడవునా ఉండేవాళ్ళు 200 పైచిలుకు. మా ఓడలోనే మూడు వేల మంది. ఊరికన్నా మేమే పెద్ద ఊరన్నమాట!

ఒకప్పటి మంచునదులు కొండల్ని తొలిచిన లోయల్లోకి సముద్రం వచ్చి నిండితే అదే ఫ్యోర్డ్. గైరాంగర్ ఫ్యోర్డ్ పొడవు 15 కిలోమీటర్లు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పొద్దున్నే అమ్మ నన్ను లేపి డెక్ మీదికి లాక్కెళ్ళింది. రెండు పక్కలా గోడల్లాంటి కొండలు, పక్కపక్కనే పాయలుగా దూకే 'సెవెన్ సిస్టర్స్' జలపాతం. దాని పక్కన కొండ అంచున ఖాళీ చెక్క ఇళ్ళు. వందేళ్ళ కిందట అక్కడ సేద్యం చేసుకుని బతికేవాళ్ళట. ఆడుకునే పిల్లలు లోయలో పడకుండా నడుముకి తాడు కట్టేవాళ్ళని చెబుతారు. ఓడ మైకులో ఆ మాట వచ్చినప్పుడు అమ్మకి తెలుగులో చెప్పాను. ఏమీ అనలేదు.

ఓడ దిగాక, ఊరి మధ్యలో ఉరికే జలపాతం పక్కనే ఉన్న 327 ఇనుప మెట్లు ఎక్కాం. చీర మీద స్వెటరూ, కాళ్ళకి నా భార్య స్పోర్ట్స్ షూసూ వేసుకుని అమ్మ నాకన్నా ముందే ఎక్కేసింది. పైన ఫ్యోర్డ్ సెంటర్ అనే మ్యూజియం ఉంది. పక్క ఫ్యోర్డ్‌లో ఓకర్నెసెట్ అనే కొండకి పెద్ద పగులుందనీ, అది ఏటా కొన్ని సెంటీమీటర్లు విచ్చుకుంటోందనీ అక్కడే చదివాను. ఆ కొండచరియ నీళ్ళలో పడితే లేచే అల సుమారు పది నిమిషాల్లో ఈ ఊరి మీదికి వస్తుంది. ఉత్త భయం కాదు. 1934 ఏప్రిల్ 7 తెల్లవారుజామున దగ్గర్లోని తాఫ్యోర్డ్‌లో అలాగే జరిగి 40 మంది పోయారు.

"ఉప్పెన," అంది అమ్మ. "మరి వీళ్ళు ఇక్కడెందుకున్నార్రా?"

కొండకి సెన్సార్లు పెట్టి రాత్రింబవళ్ళు కనిపెడుతుంటారనీ, కదలిక పెరిగితే సైరన్ మోగించి ఊరు ఖాళీ చేయిస్తారనీ చెప్పాను.

కిందికొచ్చి ఒక కొట్లో 'స్వేలే' అనే మెత్తటి అట్లు కొన్నాం. మధ్యలో గోధుమరంగు ఛీజ్. "మాడిన కోవాలా ఉంది," అని అమ్మ ఇష్టంగానే తింది. తింటూ, "మమ్మల్నీ కట్టారు," అంది.

అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 నాటికి తొమ్మిదేళ్ళు. ఉప్పెన వచ్చిందనీ, బతికి బయటపడ్డారనీ మాత్రమే నాకు తెలుసు. నీళ్ళు ఇంట్లోకి రాగానే తాతయ్య చేంతాడుతో అమ్మనీ మావయ్యనీ కొబ్బరి చెట్టుకి కట్టేశాడట. చంటిపిల్ల అమ్మమ్మ చంకలో ఉంది.

"తాడు చాల్లేదురా నాన్నా."

నాకు ఇంకో పిన్ని ఉండేదని ముప్పై ఆరేళ్ళ వయసులో తెలిసింది. ఆ రాత్రి పోయిన పదివేల మందికి పైగా జనంలో ఆ పిల్ల ఒకతి.

"రేడియోలో ఏదో చెప్పారంట. మా ఊరికొచ్చి చెప్పినవాళ్ళు మాత్రం లేరు. ఒక గంట ముందు తెలిసినా గుడి మేడ మీదికి పోయేవాళ్ళం."

సాయంత్రం ఓడ బయల్దేరి పక్క ఫ్యోర్డ్‌లోకి మళ్ళింది. ఆ కొండ ఎక్కడో చూపించమంది అమ్మ. మ్యాప్ చూసి చూపించాను. పగులేం కనబడలేదు, మామూలు కొండలాగే ఉంది. అమ్మ చాలాసేపు అటే చూసి, "పోన్లే, వీళ్ళకి ముందే చెప్తారు," అని లోపలికెళ్ళిపోయింది.

నా ఉద్యోగం కూడా సర్వర్లకి కాపలా కాయడమే. అర్ధరాత్రి అలర్ట్ వచ్చి ఫోన్ మోగితే విసుక్కుంటూ లేస్తాను. ఈమధ్య విసుగు కాస్త తగ్గింది.