పైస పోయింది ఎక్కడ? – కంప్యూటర్‌లో దశాంశ గుణకారం

రూపాయి పదిహేను పైసలు అంటే మొత్తం ఎన్ని పైసలని అడిగితే బడిపిల్లలు సైతం నూట పదిహేను అని చెబుతారు. కంప్యూటర్‌లో 1.15ను 100తో గుణించి, వచ్చిన ఫలితంలో దశాంశ భాగాన్ని కొట్టివేస్తే 114 మాత్రమే మిగలవచ్చు. యంత్రం చెడిపోలేదు. మరి ఆ పైస ఏమైంది?

సమాధానం అసెంబ్లీ భాషలో దొరుకుతుంది. ప్రాసెసర్‌కు అతి చేరువైన భాష ఇదే. ఇంటెల్ సంస్థ 1980లో విడుదల చేసిన 8087 అనే సహాయక ప్రాసెసర్‌లో దశాంశ సంఖ్యల గుణకారానికి ‘ఎఫ్‌మల్’ అనే ఆదేశం ఉండేది. 2000లో పెంటియం 4తో ‘మల్‌ఎస్‌డి’ వచ్చింది. నేటి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలోనూ ఇది ఉంది.

మల్‌ఎస్‌డి 64 బిట్ల సంఖ్యలను గుణిస్తుంది. ఆ బిట్లలో 1 ధన, ఋణ గుర్తుకు, 11 ఘాతాంకానికి, 52 సంఖ్యలోని అంకెలకు కేటాయించబడ్డాయి. గుణకారం మనం బడిలో నేర్చిన పద్ధతిలోనే సాగుతుంది. 32,000ను 2,000తో గుణించేటప్పుడు 32ను 2తో గుణించి, సున్నాలను కూడి చివర చేరుస్తాము కదా! ప్రాసెసర్ కూడా అంకెలను గుణించి, ఘాతాంకాలను కూడుతుంది. గుర్తులు రెండూ ఒకటే అయితే ఫలితం ధనం, వేరైతే ఋణం. ఫలితం కేటాయించిన చోటులో పట్టనప్పుడు చివరి అంకెలను సవరిస్తుంది.

అసలు చిక్కు గుణకారానికి ముందే ఉంది. మూడో వంతును దశాంశాలలో రాస్తే 0.333... అంటూ అంతులేకుండా సాగినట్లే, 1.15ను ఒకట్లు, సున్నాలతో రాస్తే అంతు ఉండదు. అందువల్ల కంప్యూటర్ 1.15 కంటే అతి స్వల్పంగా తక్కువైన సంఖ్యను దాచుకుంటుంది. దానిని 100తో గుణిస్తే 114.99999999999999 వస్తుంది.

ఆపై పూర్ణసంఖ్యగా మార్చే ఆదేశాలు రెండు. ‘సివిటిటిఎస్‌డి2ఎస్ఐ’ దశాంశాన్ని కొట్టివేసి 114 ఇస్తుంది. ఒక ‘టి’ తక్కువైన ‘సివిటిఎస్‌డి2ఎస్ఐ’ సాధారణంగా దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించి 115 ఇస్తుంది. ఒక్క అక్షరం తేడా, ఒక్క పైస తేడా!

లక్ష బిల్లులలో పైస చొప్పున పోతే వెయ్యి రూపాయలు. కనుక ఈ విద్య నేర్చే మన పిల్లలు సొమ్మును మొదటినుంచీ పైసలలోనే, పూర్ణసంఖ్యగా ఉంచి, ‘ఐమల్’ ఆదేశంతో గుణించడం మేలు. కొలతలకు, బొమ్మలకు మల్‌ఎస్‌డి చాలును; సొమ్ము లెక్కకు పైసతో సహా సరిపోవాలి.