ఉచితంగా దొరికే డేటాబేస్ నేర్చుకుంటే జీతం ఎవరిస్తారు?

“ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే జీతం ఎవరిస్తారు బేటా?” డిగ్రీ అయిపోయిన పిల్లాడు “అబ్బా, నేను పోస్ట్‌గ్రెస్ నేర్చుకుంటా” అంటే మన ఇళ్ళలో ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. అందులో తప్పేం లేదు. మంగళగిరి నుంచి హైదరాబాద్ వెళ్ళి అమీర్‌పేటలో కోర్సు చేయాలంటే ఫీజు, హాస్టల్, తిండి ఖర్చు అన్నీ కలిపి చాలా కుటుంబాలకు అప్పు చేయాల్సిందే. ఆ అప్పు చేసే ముందు ఈ పని ఏంటో, ఇందులో డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

డేటాబేస్ చేసే పని ఏంటి?

మంగళగిరిలో ఒక చేనేత బట్టల దుకాణం అనుకుందాం. నిజాం అంచు చీర ఒక్కటే మిగిలింది. కౌంటర్ దగ్గర ఒకామె అది కొనడానికి సిద్ధంగా ఉంది. అదే నిమిషంలో గుంటూరు నుంచి ఇంకొకరు ఫోన్‌లో ఆర్డర్ పెట్టి డబ్బు కట్టేశారు. ఖాతా పుస్తకంలో అయితే ఒకే చీర ఇద్దరికీ అమ్మినట్టు రాసేస్తాం, ఆ తర్వాత గొడవ. సరిగ్గా ఏర్పాటు చేసిన డేటాబేస్ అలా జరగనివ్వదు. ముందు వచ్చిన ఆర్డర్ పూర్తయ్యేదాకా ఆ చీర లెక్కకి తాళం వేస్తుంది. స్టాక్ తగ్గించడం, డబ్బు జమ చేయడం, బిల్లు రాయడం మూడూ ఒక్క పనిగా చేస్తుంది. మధ్యలో కరెంటు పోతే సగం లెక్క మిగలదు. రాస్తే మొత్తం రాస్తుంది, లేదంటే ఏమీ రాయనట్టే. దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు. బ్యాంకులో డబ్బు పంపినా, రైలు టికెట్ తీసినా, ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకున్నా వెనకాల జరిగేది ఇదే.

మన జేబులో కూడా డేటాబేస్ ఉంది. వాట్సాప్ మన మెసేజీలను ఫోన్‌లో దాచేది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో. దాన్ని రిచర్డ్ హిప్ అనే అమెరికన్ 2000లో బయటపెట్టారు. కాపీరైట్ హక్కులు కూడా ఉంచుకోకుండా లోకానికి వదిలేశారు.

ఊరి బావి లాంటిది

మామూలు కంపెనీ డేటాబేస్‌కి లైసెన్సు ఫీజు కట్టాలి. లోపల ప్రోగ్రాం ఎలా రాశారో మనకు చూపించరు. ఓపెన్ సోర్స్‌లో ఆ రాత అందరికీ కనిపిస్తుంది. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. లైసెన్సును బట్టి కొన్ని షరతులు ఉంటాయి, అవి పాటించాలి.

ఈ లోకంలో రెండు పెద్ద పేర్లున్నాయి. పోస్ట్‌గ్రెస్ 1986లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ మైఖేల్ స్టోన్‌బ్రేకర్ దగ్గర మొదలైంది. 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఇప్పటి పేరు వచ్చింది. రెండోది మైఎస్‌క్యూఎల్. 1995లో స్వీడన్‌లో పుట్టింది. తయారుచేసినవాళ్ళలో ఒకరైన మాంటీ విడేనియస్ తన కూతురు ‘మై’ పేరు పెట్టారు.

మన పెద్దలు సదఖా జారియా అని బావి తవ్వించేవారు. నీళ్ళు తాగినవాళ్ళెవరూ డబ్బు కట్టరు. కానీ ఆ బావికి గిలక ఆడాలి, తాడు మార్చాలి, ఏడాదికోసారి పూడిక తీయాలి. ఆ పని చేసేవాడికి కూలి ఇవ్వాలి. ఓపెన్ సోర్స్ కూడా దాదాపు అంతే. దీన్ లెక్కలో ఇది వక్ఫ్‌తో సమానం అని చెప్పడం లేదు, అర్థం కావడానికే ఈ పోలిక.

బావి ఉన్న స్థలం చేతులు మారితే? మైఎస్‌క్యూఎల్ విషయంలో అదే జరిగింది. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ దాన్ని 100 కోట్ల డాలర్లకు కొన్నది. 2010లో ఆ సన్‌నే ఒరాకిల్ కొనేసింది. డేటాబేస్ వ్యాపారంలో అతిపెద్ద కంపెనీల్లో ఒకటి ఒరాకిల్. ఉచిత డేటాబేస్ దాని చేతికి పోతుందని చాలామంది భయపడ్డారు. విడేనియస్ ముందే మేల్కొని, అదే రాత నుంచి 2009లో ఇంకో డేటాబేస్ మొదలుపెట్టారు. చిన్న కూతురు మారియా పేరు మీద మారియాడీబీ అన్నారు. కంపెనీని, పేరును అమ్మొచ్చు. అప్పటికే అందరికీ ఇచ్చేసిన రాతను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయారు.

ఇలాంటి గొడవ మొన్నమొన్న కూడా అయింది. పెద్ద క్లౌడ్ కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌ని అద్దెకిచ్చి సంపాదిస్తూ తమకేమీ తిరిగి ఇవ్వడం లేదని రెడిస్ అనే డేటాబేస్ కంపెనీ 2024 మార్చిలో లైసెన్సు బిగించింది. అదే నెలలో లినక్స్ ఫౌండేషన్ నీడన వాల్కీ అనే కొత్త శాఖ మొదలైంది. 2025లో రెడిస్ మళ్ళీ ఓపెన్ సోర్స్ లైసెన్సుకి దారి తెరిచింది. పోస్ట్‌గ్రెస్‌కి ఇలాంటి చిక్కు తక్కువ, ఎందుకంటే దానికి ఒక్క యజమాని అంటూ లేడు. చాలా కంపెనీల ఇంజినీర్లు, సొంతంగా పనిచేసేవాళ్ళు కలిసి నడుపుతున్నారు.

మరి డబ్బు ఎక్కడిది?

నాలుగు దారులున్నాయి. ఒకటి, డేటాబేస్ వాడే ప్రతి కంపెనీకి దాన్ని చూసుకునే మనిషి కావాలి. రెండు, కష్టం వచ్చినప్పుడు ఆదుకునే సపోర్ట్ కంపెనీలు. పోస్ట్‌గ్రెస్‌కి ఎంటర్‌ప్రైజ్‌డీబీ ఉంది, దానికి పుణేలో ఆఫీసు ఉంది. మైఎస్‌క్యూఎల్ వైపు పెర్కోనా 2006 నుంచి ఈ పనే చేస్తోంది. మూడు, అమెజాన్ లాంటి క్లౌడ్ కంపెనీలు డేటాబేస్‌ని నెల అద్దెకి నడిపిపెడతాయి. నాలుగు, డేటాబేస్ మీద కట్టిన దుకాణం సాఫ్ట్‌వేర్లు. ముంబైలోని ఫ్రాపే తయారుచేసిన ఈఆర్‌పీనెక్స్ట్ అలాంటిదే. అది మారియాడీబీ మీద నడుస్తుంది. బిల్లులు, స్టాక్ లెక్క అందులో చూసుకోవచ్చు. దాన్ని వ్యాపారులకు అమర్చిపెట్టి, నేర్పించి బతికేవాళ్ళున్నారు.

ప్రభుత్వం వైపు నుంచి కూడా దారి ఉంది. కేంద్రం 2015లోనే సర్కారీ ఆఫీసుల సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్‌కి ముందు చోటివ్వాలని విధానం తెచ్చింది. బెంగళూరు షేర్ బ్రోకింగ్ కంపెనీ జెరోధా ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీదే పెరిగింది. 2024లో ప్రపంచంలోని ఓపెన్ సోర్స్ పనులకు ఏడాదికి 10 లక్షల డాలర్లు ఇచ్చే నిధి పెట్టింది.

జీతం దేనికో చెప్పే ఒక రాత్రి

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీరు అలసిపోయి, తప్పు సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ ఫైళ్ళు తుడిచేశాడు. సరే, బ్యాకప్ ఉంది కదా అని చూస్తే ఒకటి పనిచేయలేదు, ఇంకొకటి ఖాళీ. అదృష్టం కొద్దీ 6 గంటల ముందు తీసిన ఒక కాపీ దొరికింది. ఆ 6 గంటల్లో జనం రాసింది పోయింది. కంపెనీ ఏదీ దాచకుండా మొత్తం కథ తనే లోకానికి చెప్పింది.

సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఆ బ్యాకప్ నిజంగా పనిచేస్తుందా లేదా అని ప్రతి వారం తీసి చూసే మనిషి ఉచితం కాదు. అబ్బా అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. జీతం ఆ మనిషికి ఇస్తారు.

మంగళగిరిలో ఉండి ఏం చేయొచ్చు?

మన ఊరి ఆటోనగర్ ఐటీ పార్కులో పై డేటా సెంటర్ ఉంది. ఎన్‌ఆర్‌టీ టెక్ పార్క్ కూడా ఇక్కడే ఉంది. అయినా నిజం చెప్పుకోవాలి. డేటాబేస్ ఉద్యోగాలు ఎక్కువ హైదరాబాద్, బెంగళూరు, పుణేలోనే ఉంటాయి. కానీ నేర్చుకోవడం మాత్రం ఇంటి నుంచే మొదలుపెట్టొచ్చు. బయటికి వెళ్ళి చదివే వీలు లేని ఆడపిల్లలకీ ఇది పనికొస్తుంది.

పోస్ట్‌గ్రెస్‌కి 4 జీబీ పాత ల్యాప్‌టాప్ చాలు. దాని పుస్తకం మొత్తం ఉచితంగా దొరుకుతుంది. ముందు ఎస్‌క్యూఎల్ భాష, దాంతోపాటు లినక్స్ నేర్చుకోవాలి. తర్వాత అబ్బా దుకాణం లెక్కలో, మస్జిద్ కమిటీ చందాల పట్టికో తీసుకుని డేటాబేస్‌గా కట్టి చూడాలి. తెలుగు పేర్లు, ఉర్దూ పేర్లు రెండూ ఒకే పట్టికలో రాసుకోవచ్చు. అయితే అవి మనుషుల వివరాలు, అమానత్. అడిగి తీసుకోవాలి, ఎవరికీ చూపించకూడదు. ఫోన్ నంబర్లు లేకుండా ఉత్తుత్తి పేర్లతో సాధన చేస్తే ఇంకా మంచిది.

ఆ తర్వాత అసలు పరీక్ష. బ్యాకప్ తీసుకుని, డేటాబేస్ మొత్తం తుడిచేసి, మళ్ళీ తెచ్చుకోవాలి. ఇది పదిసార్లు చేసినవాడు ఇంటర్వ్యూలో తడబడడు. ఇన్‌స్టిట్యూట్‌లో డబ్బు కట్టే ముందు కూడా రెండు మాటలు అడగండి: “బ్యాకప్ తిరిగి తెచ్చుకోవడం చేయించి చూపిస్తారా? ఏ వెర్షన్ నేర్పుతారు?” పోస్ట్‌గ్రెస్‌కి ఏటా కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి 5 ఏళ్ళే మద్దతు. పదేళ్ళ నాటి నోట్సు చెప్పేవాళ్ళకి ఫీజు కట్టకండి. ఉద్యోగం గ్యారంటీ అని ముందే మొత్తం డబ్బు అడిగితే ఆగి ఆలోచించండి.

దుకాణం ఉన్నవాళ్ళకీ ఒక మాట. క్రాక్ చేసిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే అది చట్టానికి విరుద్ధం, హలాల్ సంపాదన కోరుకునేవాళ్ళకి తగింది కూడా కాదు. పైగా దాని వెంట వైరస్ కూడా వచ్చే ప్రమాదం ఉంది. దానికి బదులుగా ఓపెన్ సోర్స్ ఉంది. కానీ చూసుకునే మనిషి ఎవరో తేల్చుకోకుండా మారొద్దు. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఒకటి అడగండి: “రేపు నేను మానేస్తే నా లెక్కలన్నీ ఒక ఫైల్‌గా నా చేతికి వస్తాయా?” రావు అంటే మీ ఖాతా పుస్తకం ఇంకొకరి బీరువాలో ఉన్నట్టే.

కాబట్టి పిల్లాడు నేర్చుకుంటానంటే వద్దనకండి. ఒక నెల ఇంట్లోనే చేయనివ్వండి. నెలాఖరున ఒక సాయంత్రం పక్కన కూర్చుని, “తుడిచేసి మళ్ళీ తెచ్చి చూపించు బేటా” అనండి. తెచ్చి చూపిస్తే కోర్సు గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.