కారు ఏ.సి. మరియు హీటరు నియంత్రణలు

కారు లోపలి గాలి యొక్క ఉష్ణోగ్రతను, తేమను, వేగాన్ని, దిశను మార్చుకొనుటకు డాష్‌బోర్డు మధ్యభాగంలో అమర్చిన మీటలను, బటన్లను కలిపి కారు ఏ.సి. మరియు హీటరు నియంత్రణలు అంటారు. కొన్ని వాహనాలలో ఇవి చేతితో తిప్పే నాబ్‌లుగాను, కొన్నిటిలో నొక్కే బటన్లుగాను, ఇటీవలి వాహనాలలో తాకే తెర మీద బొమ్మలుగాను ఉంటాయి. రూపం ఏదైనా ఇవి చేసే పనులు ఐదు. అవి ఫ్యాను వేగాన్ని మార్చడం, గాలి వెళ్ళే దిశను మార్చడం, ఉష్ణోగ్రతను మార్చడం, కంప్రెసరును నడపడం లేక ఆపడం, గాలిని బయటి నుండి తీసుకోవడం లేక లోపలి గాలినే తిరిగి తిప్పడం.

తెలుగు ప్రాంతాలలో ఏ.సి. అనగానే చల్లదనమే గుర్తుకు వస్తుంది. గాలిలోని తేమను తీసివేయడం కూడా ఈ వ్యవస్థ చేసే అంతే ముఖ్యమైన పని. వానలో ముందద్దం మసకబారి దారి కనబడకపోవడానికి, దూరప్రయాణంలో కూర్చున్నవారికి మగత కమ్మడానికి చాలా సందర్భాలలో యంత్రలోపం కారణం కాదు. పై ఐదింటిలో ఏదో ఒకటి సరియైన స్థానంలో లేకపోవడమే కారణం.

చరిత్ర

మోటారు కార్ల పరిశ్రమ చలి దేశాలలో పుట్టినందువలన కార్లలోకి హీటరు ముందుగా వచ్చింది, చల్లదనం తరువాత వచ్చింది. అమెరికాకు చెందిన ప్యాకార్డ్ సంస్థ తన 1940 నమూనా కార్లకు కర్మాగారంలోనే ఏ.సి. అమర్చి అమ్మింది. అందులో గాలిని చల్లబరచే కాయిలు వెనుక సీటు వెనుక ఉండేది. కంప్రెసరును ఆపడానికి డ్రైవరు ముందు ఏ మీటా లేదు. చల్లదనం అక్కరలేనప్పుడు బండి ఆపి, ఇంజను ఆపి, బానెట్ ఎత్తి కంప్రెసరు బెల్టును ఊడదీయవలసి వచ్చేది. 1954లో న్యాష్ సంస్థ హీటరును, ఏ.సి.ని ఒకే వ్యవస్థగా కలిపి కారు ముందు భాగంలోనే ఇమిడ్చింది. నేటి కార్లలోని అమరిక దాని సంతతే. 1964 నమూనా క్యాడిలాక్ కార్లలో, డ్రైవరు కోరిన ఉష్ణోగ్రతను ఎంచుకుంటే మిగిలినది యంత్రమే చూసుకొనే స్వయంచాలక పద్ధతి వచ్చింది.

పనిచేసే విధానం

ఏ.సి. చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని మోసుకుపోయి బయట పారవేస్తుంది. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసరు, వాడుకలో గ్యాసు అని పిలిచే శీతలకారి ద్రవ్యాన్ని ఒత్తిడికి గురిచేస్తుంది. వేడెక్కిన ఆ వాయువు రేడియేటరు ముందు ఉండే కండెన్సరులో వేడిని కోల్పోయి ద్రవంగా మారుతుంది. తరువాత సన్నని మార్గం గుండా వెళ్ళి, డాష్‌బోర్డు వెనుక ఉండే కూలింగ్ కాయిలులో మరల ఆవిరి అవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని ఆ కాయిలు మీదుగా వీచే గాలి నుండి తీసుకుంటుంది.

చల్లని నీళ్ళ గ్లాసు బయటి వైపు నీటిబొట్లు పట్టడం పాఠశాలలో సాంద్రీకరణానికి ఉదాహరణగా చెప్తారు. కూలింగ్ కాయిలు మీద జరిగేది అదే. గాలిలోని ఆవిరి కాయిలు మీద నీరుగా మారి, సన్నని గొట్టం ద్వారా కారు కిందికి కారిపోతుంది. ఆపి ఉన్న కారు కింద కనబడే నీటి మడుగు ఇదే, దానిని చూసి కంగారు పడనక్కరలేదు.

హీటరు సంగతి వేరు. పెట్రోలు, డీజిలు ఇంజన్లను చల్లబరచే కూలెంటు ద్రవం సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వద్ద తిరుగుతూ ఉంటుంది. దానిలో కొంత భాగాన్ని డాష్‌బోర్డు వెనుక ఉండే చిన్న రేడియేటరు గుండా పంపి గాలిని వేడిచేస్తారు. ఇది ఎలాగూ వృథా అయ్యే వేడి కనుక హీటరు వలన ఇంధనం ఖర్చు దాదాపు పెరగదు, ఏ.సి. బటను నొక్కవలసిన పని కూడా లేదు. అయితే ఇంజను వేడెక్కేవరకు కొద్ది నిమిషాలపాటు చల్లగాలే వస్తుంది.

కూలింగ్ కాయిలుకు, హీటరుకు నడుమ ఒక చిన్న తలుపు ఉంటుంది. నీలం, ఎరుపు రంగులు గల నాబ్ తిప్పినప్పుడు సాధారణ కార్లలో కదిలేది ఈ తలుపే. నీలం చివరన గాలి హీటరును తాకకుండా వస్తుంది. ఎరుపు చివరన అంతా హీటరు మీదుగా వస్తుంది. నడుమ రెండు గాలులూ కలుస్తాయి. అందుచేత ఏ.సి. బటను వేసి, నాబ్‌ను ఎరుపు వైపు తిప్పడం పరస్పర విరుద్ధం కాదు. ముందు చల్లబడి తేమ కోల్పోయిన గాలి తరువాత వేడెక్కి, పొడిగా, వెచ్చగా బయటికి వస్తుంది. ఈ ఒక్క విషయం గ్రహిస్తే మిగిలినవన్నీ సులభంగా అర్థమవుతాయి.

గుర్తులు

అన్ని దేశాల కార్లలోను గుర్తులు ఒకే విధంగా ఉండుటకు ఐ.ఎస్.ఓ. 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. మంచుపువ్వు గుర్తు ఏ.సి.కి, ఫ్యాను గుర్తు గాలి వేగానికి వాడతారు. కూర్చున్న మనిషి బొమ్మలో బాణం ముఖం వైపు ఉంటే గాలి ముందుకు, పాదాల వైపు ఉంటే కిందికి వస్తుంది. వేడి గాలి పైకి లేస్తుంది కనుక హీటరు వాడేటప్పుడు పాదాల వైపు, చల్లదనానికి ముఖం వైపు పెట్టడం మంచిది. విసనకర్ర ఆకారం మీద మూడు వంకర బాణాలు ఉంటే ముందద్దానికి, దీర్ఘచతురస్రం మీద ఉంటే వెనుక అద్దానికి అని అర్థం. వెనుక అద్దం మీద కనబడే సన్నని అడ్డగీతలు విద్యుత్తుతో వేడెక్కే తీగలు. వీటన్నిటి వివరాలు కారుతో వచ్చే పుస్తకంలో ఉంటాయి. చాలా కార్లలో అది పాలిథీన్ సంచి విప్పకుండానే గ్లవ్ బాక్సులో ఉండిపోవడం వేరే విషయం.

లోపలి గాలి, బయటి గాలి

కారు బొమ్మలో వంపు తిరిగిన బాణం ఉన్న మీట లోపలి గాలినే మరల మరల తిప్పుతుంది. ఎక్కువగా దుర్వినియోగమయ్యే మీట ఇదే. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో బయటి గాలి 45 డిగ్రీలకు చేరుతుంది. అటువంటి గాలిని చల్లబరచడం కంటే, అప్పటికే చల్లబడిన లోపలి గాలిని చల్లబరచడం కంప్రెసరుకు సులువు. దుమ్ము రేగే దారిలోను, పొగ కక్కే లారీ వెనుక వెళ్ళేటప్పుడు కూడా ఈ మీట ఉపయోగకరమే.

అయితే దీనిని ప్రయాణమంతా అలాగే ఉంచరాదు. కూర్చున్నవారు వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు, తేమ కారులోనే పేరుకుంటాయి. నలుగురైదుగురు ఉన్న కారులో కొద్దిసేపటిలోనే కార్బన్ డయాక్సైడు బయటి గాలిలో కంటే ఎన్నో రెట్లు అవుతుంది. మగత, తలబరువు కలుగుతాయి. ఏ.సి. ప్రాణవాయువును పీల్చేస్తుందని కొందరు అనుకుంటారు, అది నిజం కాదు. దోషం ఏ.సి.ది కాదు, మూసి ఉంచిన గాలిది. కారు చల్లబడిన తరువాత బయటి గాలికి మార్చడం, మండుటెండలో అది వీలుకాకపోతే ఇరవై ముప్పై నిమిషాలకు ఒకసారి కొద్ది నిమిషాలైనా మార్చడం మంచిది. రాత్రివేళ దూరప్రయాణం చేసే డ్రైవరుకు ఇది మరీ అవసరం.

అద్దం మసకబారినప్పుడు

అద్దం మీద మసక రెండు విధాలుగా పడుతుంది. రెండింటికీ నివారణ వేరు వేరు. ముందుగా అద్దాన్ని లోపలి నుండి వేలితో ఒకసారి రుద్ది చూడాలి. గీత పడితే మసక లోపలిది, పడకపోతే బయటిది.

లోపలి మసక వానాకాలంలోను, చలికాలంలోను పడుతుంది. బయటి వాన వలన అద్దం చల్లబడుతుంది, లోపలివారి ఊపిరి, తడిసిన బట్టలు, గొడుగుల నుండి వచ్చే తేమ దాని మీద నీరుగా మారుతుంది. అప్పుడు గాలిని ముందద్దం వైపు మళ్ళించి, ఫ్యాను వేగం పెంచి, ఏ.సి. వేసి, బయటి గాలి మీట పెట్టి, ఉష్ణోగ్రతను ఎరుపు వైపు తిప్పాలి. పొడిగాలి తేమను పీల్చుకుంటుంది, వెచ్చదనం అద్దం మీద మరల నీరు చేరకుండా చూస్తుంది. చాలా కార్లలో ముందద్దం గుర్తును ఎంచుకోగానే ఏ.సి., బయటి గాలి వాటంతట అవే మొదలవుతాయి.

చాలామంది ఇక్కడే తడబడతారు. వానలో కారు లోపల చలివేస్తే వెంటనే ఏ.సి. ఆపివేస్తారు. అప్పటివరకు కూలింగ్ కాయిలు మీద నిలిచిన నీరు, ఫ్యాను గాలికి ఆవిరై నేరుగా అద్దం మీదికి వస్తుంది. క్షణాలలో దారి మాయమవుతుంది. అరకు, శ్రీశైలం వంటి ఘాట్ రోడ్ల మలుపులలో ఆ కొద్ది క్షణాలే ప్రాణాల మీదికి తెస్తాయి. చలివేసినప్పుడు ఏ.సి.ని ఆపక, ఉష్ణోగ్రత నాబ్‌ను ఎరుపు వైపు జరపాలి. గుడ్డతో తుడుస్తూ నడపడం పరిష్కారం కాదు. ఒక చేయి స్టీరింగు వదిలి, చూపు సగం దారి మీద లేక నడపడమే అవుతుంది.

బయటి మసక విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉక్కపోత రాత్రులలో ఎక్కువ. ఏ.సి. గాలి తగిలి అద్దం చల్లబడితే, బయటి తేమగాలి దాని మీద నీరుగా పేరుకుంటుంది. ఇది నీళ్ళ గ్లాసు ఉదాహరణే. లోపల ఎంత తుడిచినా పోదు, ఏ.సి. ఇంకా పెంచితే ఎక్కువ అవుతుంది. వైపరు ఒకసారి వేసి, చల్లగాలి అద్దానికి తగలకుండా మళ్ళించి, ఉష్ణోగ్రతను కొద్దిగా పెంచితే సరిపోతుంది.

అద్దం మసకను తొలగించే ఏర్పాటు కార్లలో ఉండి తీరాలన్న భద్రతా నిబంధన అమెరికాలో 1968 నుండి అమలులో ఉన్నది. హీటరును సౌఖ్యంగా కాక రక్షణ సాధనంగా ఎంచారని దీనివలన తెలుస్తుంది.

ఎండలో నిలిపిన కారు

ఎండలో మూసి ఉంచిన కారు లోపల గాలి బయటి కంటే చాలా వేడిగా ఉంటుంది. ఎక్కగానే అద్దాలు మూసి ఏ.సి. వేయడం కంటే, తలుపులు తెరిచి వేడిగాలిని పోనిచ్చి, అద్దాలు దించి కొద్ది దూరం నడిపి, తరువాత మూయడం వలన త్వరగా చల్లబడుతుంది. ఆ తరువాతే లోపలి గాలి మీటను వాడాలి. స్వయంచాలక ఏ.సి.లో 24కు బదులు 16 అని పెడితే త్వరగా చల్లబడుతుందన్నది సామాన్యంగా అపోహయే. కారు బాగా వేడిగా ఉన్నప్పుడు రెండు సందర్భాలలోను యంత్రం పూర్తి శక్తితోనే పనిచేస్తుంది.

పసిపిల్లలను కారులో వదలి "రెండు నిమిషాలే కదా" అని వెళ్ళడం మహా ప్రమాదం. 2005లో ప్రచురితమైన అమెరికా పరిశోధన ఒకదానిలో, 22 నుండి 36 డిగ్రీల వాతావరణంలో నిలిపిన కార్లలో గంటకు సగటున 22 డిగ్రీల పెరుగుదల కనబడింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే జరిగింది. అద్దాలు కొద్దిగా దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు.

ఇంజను నడుస్తూ ఏ.సి. వేసుకొని, ఆగి ఉన్న కారులో నిద్రపోవడం మరొక ప్రమాదం. పొగగొట్టం కారుతూ ఉన్నా, మూసిన షెడ్డులో కారు ఉన్నా కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి తెలియకుండానే ప్రాణం పోతుంది. అమెరికా, కెనడాలలో ఉంటున్న తెలుగువారు మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. మంచు తుపాను తరువాత హీటరు వేసుకొని కూర్చునే ముందు పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచును తప్పక తొలగించాలి.

హీటరు యొక్క మరొక ఉపయోగం

ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను ఉష్ణోగ్రత సూచిక ఎరుపు వైపు వెళ్తుంటే ఏ.సి. ఆపి, హీటరును పూర్తిగా తిప్పి, ఫ్యాను పెంచాలి. లోపలివారికి ఇబ్బందే, కాని ఇంజను వేడి కొంత ఇటు వస్తుంది. ఆ వ్యవధిలో సురక్షితమైన చోట బండి నిలిపి ఇంజను ఆపాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు.

విద్యుత్ కార్లు, లారీలు

విద్యుత్ కారులో వృథా అయ్యే ఇంజను వేడి లేదు. హీటరు కూడా బ్యాటరీ మీదే నడవాలి. అందువలన గట్టి చలిలో అవి ఒక్క చార్జింగుతో నడిచే దూరం బాగా తగ్గుతుంది. దీనిని తగ్గించుటకు కొన్ని కార్లలో హీట్ పంపును వాడుతున్నారు. అది ఏ.సి.ని తలకిందులుగా నడిపినట్లు, బయటి వేడిని లోపలికి తెస్తుంది.

భారతదేశంలో 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏ.సి. ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రకటన జారీచేసింది. ఇంజను పక్కనే రోజంతా కూర్చునే డ్రైవర్ల విషయంలో ఇది ఎప్పుడో రావలసిన నిబంధన.

నిర్వహణ

గాలి బలం తగ్గితే ముందుగా క్యాబిన్ ఫిల్టరును చూడాలి. చాలా కార్లలో ఇది గ్లవ్ బాక్సు వెనుక ఉంటుంది, దుమ్ము నిండితే గ్యాసు ఎంత నింపినా ప్రయోజనం ఉండదు. కారు కిందికి పోవలసిన నీరు కాళ్ళ దగ్గర పట్టా మీదికి వస్తుంటే నీరు పోయే గొట్టం మూసుకుపోయిందని అర్థం. ఏ.సి. వేయగానే ముక్కవాసన వస్తే తడి కాయిలు మీద బూజు పెరిగి ఉండవచ్చు. గమ్యం చేరే కొద్ది నిమిషాల ముందు, వాతావరణం పొడిగా ఉన్నప్పుడు, ఏ.సి. ఆపి ఫ్యాను మాత్రం నడిపితే కాయిలు ఆరుతుంది.

గ్యాసు పెట్రోలు వలె ఖర్చయ్యేది కాదు. తరచు తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్లే. కారుడును సరిచేయకుండా ఏటా నింపించడం డబ్బు దండుగ మాత్రమే కాదు, వాతావరణానికి కూడా హాని. పూర్వం వాడిన ఆర్-12 ఓజోను పొరను దెబ్బతీస్తున్నందున 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం మేరకు దానిని తొలగించారు. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోనుకు హాని చేయదు, కాని కార్బన్ డయాక్సైడుతో పోల్చితే భూతాపాన్ని వెయ్యి రెట్లకు పైగా పెంచుతుంది. ఐరోపా సమాఖ్య 2017 నుండి కొత్త కార్లలో దానిని నిషేధించగా, ఆర్-1234వైఎఫ్ అనే ద్రవ్యం వాడుకలోకి వచ్చింది. ఒకదాని బదులు మరొకటి నింపరాదు. ఏది నింపాలో బానెట్ కింద అతికించిన చీటీ మీద రాసి ఉంటుంది.